లక్షదీవుల్లో నీటి అడుగున

పగడం అనగానే మనకు ముందుగా గుర్తుకొచ్చేది ఉంగరం. జాతకంలో కుజదోషం ఉందని ఎవరో చెబితే ఉంగరపు వేలికి ఎర్రని పగడం పెట్టుకున్నవాళ్ళు మన ఊళ్ళలో చాలామందే ఉన్నారు. నవరత్నాల్లో ముత్యం పక్కన పగడం పేరు మనమంతా చదువుకున్నదే. కానీ అది రాయా, చెట్టా, జంతువా అని అడిగితే మాత్రం చాలామంది తడబడతారు. పోయిన వార్షికోత్సవానికి వచ్చినప్పుడు తొమ్మిదో తరగతి తమ్ముడు ఒకడు మమ్మల్ని ఇదే అడిగాడు. అప్పుడు భోజనాల హడావుడిలో రెండు ముక్కల్లో చెప్పి ఊరుకున్నాము. ఈ సంచికలో వివరంగా రాస్తున్నాము.

మేము ఈ హాస్టల్లోనే ఆరో తరగతి నుంచి పది వరకు చదివాము. ఇప్పుడు జంతుశాస్త్రంలో ఎం.ఎస్సీ. చేస్తున్నాము. మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చినది మేమే మొదలు. మా అవ్వ, బాపు ఇద్దరూ పత్తి చేలల్లో కూలికి పోతారు. సముద్రాన్ని వాళ్ళు ఇప్పటికీ చూడలేదు. మేము కూడా ఎం.ఎస్సీ.లో చేరేదాకా చూడలేదు. చదువులో భాగంగా మా తరగతి నుంచి కొందరం లక్షదీవులకు వెళ్ళి కవరత్తిలో కొన్ని రోజులు ఉన్నాము. అక్కడ కళ్ళతో చూసినదీ, పుస్తకాల్లో చదివినదీ కలిపి ఇక్కడ చెబుతున్నాము.

రాయా, చెట్టా, జంతువా?

జంతువే. జెల్లీఫిష్, సముద్రపు పువ్వు అని మనం పిలిచే సీ అనిమోన్, పగడం మూడూ ఒకే వర్గానికి చెందినవి. ఇంటర్ జంతుశాస్త్రంలో నిడేరియా అని వస్తుంది. ఒక్కొక్క పగడపు జీవిని పాలిప్ అంటారు. చిన్న సంచిలాంటి శరీరం, పైన ఒక నోరు, నోటి చుట్టూ మెత్తని వేళ్ళలాంటి స్పర్శకాలు, అంతే. చాలా జాతుల్లో అది బియ్యపు గింజంత ఉంటుంది. ఈ పాలిప్ సముద్రపు నీటిలోని కాల్షియంను తీసుకొని తన కింద సున్నపురాతి గిన్నె కట్టుకుంటుంది. పక్కన ఇంకొకటి, దాని పక్కన మరొకటి. పాతవి చనిపోతే వాటి రాతి మీదనే కొత్తవి కట్టుకుంటాయి. ఇలా వేల ఏళ్ళు జరిగితే తయారయ్యేదే ప్రవాళ భిత్తిక, అంటే పగడపు దిబ్బ.

ఉంగరంలో పెట్టే ఎర్ర పగడం వేరు, దీవులను కట్టే పగడం వేరు. ఉంగరపు పగడం ప్రధానంగా మధ్యధరా సముద్రంలో, వెలుతురు సరిగా అందని చోట పెరుగుతుంది. దిబ్బలు కట్టే పగడానికి ఎండ తప్పనిసరి. జంతువుకు ఎండ ఎందుకు? ఇక్కడే అసలు విశేషం ఉంది. ఈ పాలిప్ శరీర కణాల లోపల కంటికి కనబడని శైవలాలు, అంటే నాచు జాతి జీవులు కాపురం ఉంటాయి. వాటిని జూజాంథెల్లే అంటారు. అవి ఎండలో కిరణజన్య సంయోగక్రియ జరిపి చేసుకున్న ఆహారంలో ఎక్కువ భాగం పాలిప్‌కు ఇస్తాయి. పగడానికి కావలసిన శక్తిలో 90 శాతం దాకా ఇలాగే వస్తుందని శాస్త్రవేత్తల అంచనా. బదులుగా పాలిప్ వాటికి ఉండడానికి చోటు, ఎరువులాంటి వ్యర్థాలు ఇస్తుంది. సహజీవనం అనే పాఠానికి ఇంతకంటే మంచి ఉదాహరణ మాకు దొరకలేదు. పగడానికి ఉండే ఆ గోధుమ, ఆకుపచ్చ రంగులు చాలావరకు ఈ అద్దెదారులవే. ఈ మాట గుర్తుంచుకోండి, తర్వాత అవసరం వస్తుంది.

ఎండ కావాలి కాబట్టి నీరు తేటగా ఉండాలి, లోతు తక్కువ ఉండాలి. నీరు వెచ్చగా ఉండాలి, మరీ వేడెక్కకూడదు. ఉప్పదనం తగ్గకూడదు. మన గోదావరి, కృష్ణ నదులు తెచ్చే ఒండ్రు మట్టి, మంచినీరు కలిసే తీరంలో పెద్ద దిబ్బలు పెరగకపోవడానికి ప్రధాన కారణం అదే. మన దేశంలో పెద్ద పగడపు దిబ్బలు ఉన్న ప్రాంతాలు నాలుగు: గుజరాత్‌లోని కచ్ సింధుశాఖ, తమిళనాడు పక్కన మన్నార్ సింధుశాఖ, అండమాన్ నికోబార్ దీవులు, లక్షదీవులు. అండమాన్‌లో మన తెలుగువాళ్ళు చాలామంది ఉన్నారు. 2011 జనాభా లెక్కల్లో అక్కడ ప్రతి పదిమందిలో ఒకరికి పైగా తెలుగు మాతృభాష అని రాయించారు. అయితే అండమాన్ దీవులు కొండలున్న నేల, వాటి అంచున దిబ్బలు పెరిగాయి. లక్షదీవులు అలా కాదు. అక్కడ దీవి మొత్తం పగడమే.

దీవి పుట్టుక, మన నల్లరేగడి

పగడపు దీవులు ఎలా పుడతాయో సరిగా ఊహించినవాడు చార్లెస్ డార్విన్. జీవపరిణామం గురించి పుస్తకం రాయడానికి చాలా ముందే, 1842లో ఆయన పగడపు దిబ్బల మీద పుస్తకం అచ్చు వేయించాడు. ఆయన చెప్పినది ఇది. ముందు సముద్రంలో ఒక అగ్నిపర్వతం పైకి లేస్తుంది. దాని అంచు చుట్టూ పగడం పెరుగుతుంది. కాలం గడిచేకొద్దీ పర్వతం మెల్లమెల్లగా కుంగిపోతుంది. పగడం మాత్రం ఎండకోసం పైపైకి కట్టుకుంటూనే ఉంటుంది. చివరికి పర్వతం పూర్తిగా మునిగిపోయి, దాని చుట్టూ ఉన్న పగడపు వలయం మాత్రం మిగులుతుంది. దీనినే ఆటాల్ అంటారు. వలయం లోపల ఉండే ప్రశాంతమైన నీలి మడుగు లాగూన్. డార్విన్ మాట నిజమని తేలడానికి వంద ఏళ్ళు పైగా పట్టింది. 1950లలో పసిఫిక్ సముద్రంలోని ఎనివెటాక్ ఆటాల్‌లో బోరు వేస్తే 1,200 మీటర్లకు పైగా సున్నపురాయి దాటిన తర్వాత అగ్నిపర్వత శిల తగిలింది.

లక్షదీవుల కింద ఉన్న పర్వతాల వరుసకు మన తెలంగాణతో చుట్టరికం ఉంది. సుమారు 6 కోట్ల 60 లక్షల సంవత్సరాల క్రితం భూమి లోపలి నుంచి పొంగిన లావా దక్కను పీఠభూమి మీద పొరలు పొరలుగా పరచుకుంది. ఆ శిల చితికి మట్టి అయినదే మన ఆదిలాబాద్ వైపు నల్లరేగడి. ఆ లావాను పంపిన వేడి కేంద్రం కదలలేదు, పైనున్న మన భూఫలకమే ఉత్తరానికి జరుగుతూ పోయింది. అలా జరుగుతుంటే అదే కేంద్రం సముద్రం అడుగున లక్షదీవులు, మాల్దీవులు, చాగోస్‌ల కింది పర్వత వరుసను పోసుకుంటూ వచ్చింది. ఇప్పుడు ఆ కేంద్రం దక్షిణాన రీయూనియన్ దీవి కింద ఉంది. అక్కడి అగ్నిపర్వతం ఇప్పటికీ లావా కక్కుతూనే ఉంది.

కవరత్తి నుంచి ఫోను చేసినప్పుడు బాపు అడిగిన మొదటి మాట, "అక్కడి భూమి ఎట్లుంది? పత్తి పడతదా?" అని. తెల్లటి ఇసుక, కొబ్బరి తప్ప మరో పంట పెద్దగా లేదు అని చెప్పాము. మన నల్ల నేలకూ ఆ తెల్ల ఇసుకకూ అడుగున ఉన్నది ఒకే తల్లి పొయ్యి అని చెబితే బాపు నమ్మలేదు. మీరైనా నమ్మండి.

లక్షదీవుల మొత్తం నేల 32 చదరపు కిలోమీటర్లు. మన దగ్గర ఒక మండలం అంతకంటే పెద్దగా ఉంటుంది. 10 దీవుల్లో మనుషులు ఉంటారు. 2011లో జనాభా 64,473. అందులో దాదాపు 95 శాతం మంది షెడ్యూల్డ్ తెగలవారే. మినికాయ్‌లో మహల్ భాష, మిగతా చోట్ల మలయాళపు యాస మాట్లాడతారు. భారతీయులమైనా బయటివాళ్ళం వెళ్ళాలంటే అనుమతి పత్రం ఉండాలి. కొచ్చి నుంచి కవరత్తి సుమారు 400 కిలోమీటర్లు. ఓడ లాగూన్ లోపలికి రాలేదు, అందుకని బయట ఆగితే చిన్న పడవల్లోకి దిగి ఒడ్డుకు చేరాలి. ఆ దిగడం కొత్తవాళ్ళకు కొంచెం భయమే.

దీవి మీద నది లేదు, గుట్ట లేదు. మరి తాగునీరు? వాన నీరు ఇసుకలోకి ఇంకి, కింద ఉన్న ఉప్పునీటి మీద తేలుతూ ఉంటుంది. నూనె నీటి మీద తేలినట్టు అనుకోవచ్చు, కాకపోతే ఇక్కడ పొరల మధ్య గీత అంత స్పష్టంగా ఉండదు. ఆ పలచని పొరలోకే బావులు తవ్వుకుంటారు. ఎక్కువ తోడితే కింది ఉప్పునీరు పైకి వస్తుంది. 2005లో కవరత్తిలో చెన్నైకి చెందిన జాతీయ సముద్ర సాంకేతిక సంస్థవాళ్ళు ఒక ప్లాంటు పెట్టారు. అది లోతు నుంచి తోడిన చల్లని సముద్రపు నీటిని వాడుకొని, పైనున్న వెచ్చని నీటిని తక్కువ పీడనంలో ఆవిరి చేసి మంచినీరు తయారుచేస్తుంది. రోజుకు లక్ష లీటర్ల సామర్థ్యం.

లాగూన్‌లో ఎవరెవరు ఉన్నారు

నడుము లోతు నీటిలో ముఖానికి అద్దం పెట్టుకొని తల ముంచగానే ముందు వినబడినది శబ్దం. కరకర, పరపర అని ఎవరో మరమరాలు నములుతున్నట్టు. అది చిలుక చేప. ముందు పళ్ళు కలిసిపోయి చిలుక ముక్కులా ఉంటాయి. పగడపు రాతి మీద పెరిగిన నాచు కోసం అది రాతినే గీరి మింగుతుంది. కడుపులో అరిగించుకొని రాతిని మెత్తని ఇసుకగా విసర్జిస్తుంది. ఒక పెద్ద చేప ఏడాదికి వందల కిలోల ఇసుక చేయగలదు. పగడపు దీవుల తెల్లటి ఇసుకలో చాలా భాగం ఇలా చేప కడుపులోంచి వచ్చినదే. పర్యాటకులు ఫొటోలు దిగే ఆ ఇసుక కథ తెలిస్తే కొందరైనా చెప్పులు వేసుకుంటారేమో!

నాచు తినే చేపలు లేకపోతే ఏమవుతుంది? పొలంలో కలుపు తీయకపోతే ఏమవుతుందో అదే. నాచు పెరిగి చిన్న పగడాలకు చోటు లేకుండా చేస్తుంది. చిలుక చేపలు, సర్జన్ చేపలు దిబ్బకు కలుపు తీసే కూలీలు. ఈ పోలిక మేము మా అవ్వకు చెబితే వెంటనే అర్థమైంది.

సీ అనిమోన్ స్పర్శకాల్లో విషపు ముళ్ళు ఉంటాయి. తాకిన చిన్న చేప చచ్చిపోతుంది. కానీ నారింజ, తెలుపు చారల క్లౌన్ చేప మాత్రం తన ఒంటి మీది జిగురు పొర వల్ల అందులోనే ఇల్లు కట్టుకుంటుంది. ఒక అనిమోన్‌లో ఉండే గుంపులో అన్నిటికంటే పెద్దది ఆడది. ఆ తర్వాతది మగది. మిగిలినవి పిల్లకాయలు. ఆడది చనిపోతే మగ చేప కొన్ని వారాల్లో ఆడదిగా మారిపోతుంది, పిల్లకాయల్లో పెద్దది మగదిగా ఎదుగుతుంది. పుట్టుకతో వచ్చినది మారదు అని మనకు చెప్పేవాళ్ళకు ఈ చేపను చూపించాలి.

ఇంకా ఎన్నో ఉన్నాయి. సీతాకోకచిలుక చేపలు జంటలు జంటలుగా తిరుగుతాయి. పెద్ద చేపల నోట్లో దూరి పళ్ళు శుభ్రం చేసే చిన్న నీలి చేప ఉంది. నీలం, ఊదా పెదవులతో రాతిలో ఇరుక్కుని ఉండే పెద్ద ఆల్చిప్ప ఉంది. రాయిలా కదలకుండా పడి ఉండే రాతిచేప ఉంది. దాని ముల్లు గుచ్చుకుంటే ప్రాణం మీదికి వస్తుంది, అందుకే లాగూన్‌లో వట్టి కాళ్ళతో నడవకూడదు. ఇసుక మీద నల్లగా, బద్ధకంగా పడి ఉండేది సముద్రపు దోసకాయ. పేరు కూరగాయదైనా అదీ జంతువే. ఇసుకను మింగి అందులోని మురికిని అరిగించుకొని శుభ్రమైన ఇసుకను వదులుతుంది. విదేశాల్లో దానికి చాలా ధర పలుకుతుంది, అందువల్ల దొంగవేట ఎక్కువ. మన దేశంలో 2001 నుంచి పగడాలకూ, సముద్రపు దోసకాయలకూ వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో రక్షణ ఉంది. అంటే పులికి ఉన్న రక్షణే. ఒడ్డుకు కొట్టుకొచ్చిన చచ్చిన పగడపు ముక్కను గుర్తుగా జేబులో వేసుకొచ్చినా నేరమే.

తాబేలు సంగతి కొంచెం ఆగి చెప్పాలి. పచ్చ తాబేలును కాపాడాలని మనం చదువుతాము. అగత్తి దీవిలో దానిని కాపాడారు, సంఖ్య బాగా పెరిగింది. పెరిగిన తాబేళ్ళు లాగూన్‌లోని సముద్రపు గడ్డిని మేసి మేసి మొదళ్ళదాకా తినేశాయి. ఆ గడ్డిలో పెరిగే చేపలు తగ్గాయి. అక్కడి జాలర్లకు తాబేళ్ళంటే కోపం వచ్చింది. తాబేలును కాపాడమని చెప్పేవాళ్ళకు కూర కోసం చేప వెతుక్కోవలసిన పని లేదు కదా. ఎవరిది తప్పు అనడం మాకు చేతకాదు. కానీ జాలర్ల మాటను చాదస్తం అని కొట్టిపారేయకుండా పరిశోధకులు గడ్డిని కొలిచి చూస్తే వాళ్ళు చెప్పినదే నిజమని తేలింది. ఇది మాకు నచ్చిన విషయం.

నీళ్ళలోకి దిగడం

లాగూన్ బయట దిబ్బ ఒక్కసారిగా లోతుకు దిగిపోతుంది. అది చూడాలంటే గాలి సిలిండరుతో దిగాలి. దీనినే స్కూబా డైవింగ్ అంటారు. 1943లో ఫ్రాన్స్‌లో జాక్ కూస్తో, ఎమిల్ గాన్యాన్ అనే ఇద్దరు పీల్చినప్పుడు మాత్రమే గాలి వదిలే రెగ్యులేటరు తయారుచేయడంతో ఇది అందరికీ సాధ్యమైంది. మా బృందంలో ఈత వచ్చిన నలుగురం మాత్రమే శిక్షకుడితో కలిసి దిగాము. స్కాలర్‌షిప్ డబ్బుల్లోంచి పొదుపు చేసుకున్నది ఆ ఒక్కపూటకే అయిపోయింది.

సిలిండరులో ఉండేది ఆక్సిజన్ అని చాలామంది అనుకుంటారు. కాదు. మనం పీల్చే మామూలు గాలే, బాగా నొక్కి నింపుతారు. ఎంతసేపు వస్తుందో లెక్క వేద్దాం. 12 లీటర్ల సిలిండరులో 200 రెట్ల పీడనంతో గాలి నింపితే 12 × 200 = 2,400 లీటర్లు. మనిషి నిమిషానికి 20 లీటర్లు పీలుస్తాడు అనుకుంటే నీటి పైన 120 నిమిషాలు రావాలి. కానీ నీటిలో ప్రతి 10 మీటర్ల లోతుకు ఒక వాతావరణ పీడనం పెరుగుతుంది. 10 మీటర్ల దగ్గర పీడనం 2 రెట్లు, పీల్చే ప్రతి ఊపిరిలో గాలి కూడా 2 రెట్లు ఖర్చు. అంటే 60 నిమిషాలే. 20 మీటర్ల దగ్గర 3 రెట్లు, 40 నిమిషాలు. అందులోనూ సిలిండరులో నాలుగో వంతు మిగిలి ఉండగానే పైకి రావాలని నియమం. కంగారుపడి గబగబా పీలిస్తే ఇంకా తొందరగా అయిపోతుంది.

బాయిల్ నియమం మనం పరీక్ష కోసం బట్టీ పట్టినదే. పీడనం పెరిగితే వాయువు ఘనపరిమాణం తగ్గుతుంది. నీళ్ళలో అది మన ఒంటికే జరుగుతుంది. రెండు మీటర్లు దిగకముందే చెవుల్లో నొప్పి మొదలవుతుంది. ముక్కు మూసి మెల్లగా గాలి ఊదితే చెవి లోపలి పీడనం, బయటి పీడనం సమానమై నొప్పి పోతుంది. నొప్పిని ఓర్చుకొని దిగడం ధైర్యం కాదు, చెవి పొర చిరుగుతుంది.

పైకి వచ్చేటప్పుడు దీనికి వ్యతిరేకం జరుగుతుంది. 10 మీటర్ల దగ్గర నిండా పీల్చిన ఊపిరి పైకి వచ్చేసరికి రెట్టింపు అవుతుంది. ఊపిరి బిగపట్టుకొని పైకి వస్తే ఊపిరితిత్తులు చిట్లుతాయి. అందుకే డైవింగ్‌లో మొట్టమొదటి నియమం, ఊపిరి ఎప్పుడూ ఆపకూడదు. ఇంకొక సంగతి గమనించండి. 20 మీటర్ల నుంచి 10కి వచ్చేటప్పుడు గాలి పెరిగేది ఒకటిన్నర రెట్లే. 10 నుంచి పైకి వచ్చేటప్పుడు రెండు రెట్లు. అంటే లోతుగా ఉన్నప్పటికంటే ఒడ్డు దగ్గరపడినట్టు అనిపించే ఆఖరి మీటర్లే ఎక్కువ ప్రమాదం.

నైట్రోజన్ సంగతి గోలీసోడాతో చెప్పవచ్చు. సీసాలో పీడనం ఉన్నంతసేపు గ్యాస్ నీటిలో కరిగే ఉంటుంది. గోలీ నొక్కగానే బుస్సుమని బుడగలు వస్తాయి. లోతులో ఉన్నప్పుడు పీడనం వల్ల గాలిలోని నైట్రోజన్ మన రక్తంలో, కండరాల్లో కరుగుతుంది. ఒక్కసారిగా పైకి వస్తే సోడా సీసాలోలాగే రక్తంలో బుడగలు పుడతాయి. కీళ్ళ నొప్పుల నుంచి పక్షవాతం దాకా రావచ్చు. అందుకే నిమిషానికి 9 మీటర్లకు మించకుండా పైకి రావాలి. 5 మీటర్ల దగ్గర 3 నిమిషాలు ఆగాలి. ఆ రోజే విమానం ఎక్కకూడదు.

నీటి కింద మాటలు ఉండవు, సైగలే. బొటనవేలు పైకి ఎత్తి చూపిస్తే మన దగ్గర బాగుంది అని అర్థం. అక్కడ మాత్రం పైకి పోదాం అని అర్థం! బాగున్నాను అని చెప్పాలంటే బొటనవేలు, చూపుడువేలు కలిపి సున్నా చుట్టాలి. దిగేకొద్దీ ముందు ఎరుపు రంగు మాయమవుతుంది, ఎందుకంటే నీరు ఎర్రని కాంతిని తొందరగా పీల్చేస్తుంది. ఎర్ర చేప బూడిద రంగులో కనబడుతుంది. టార్చి వేస్తే ఒక్కసారిగా అసలు రంగు తేలుతుంది. వస్తువులన్నీ ఉన్నదానికంటే దగ్గరగా కనబడతాయి. శబ్దం గాలిలో కంటే నాలుగు రెట్లకు పైగా వేగంగా వస్తుంది, అందువల్ల ఏ వైపు నుంచి వచ్చిందో చెప్పలేము. చుట్టూ వందల చేపలున్నా మాకు అన్నిటికంటే బాగా గుర్తున్నది మాత్రం మా ఊపిరి చప్పుడే.

తెల్లబారడం

ఇందాక అద్దెదారుల గురించి గుర్తుంచుకోమన్నాము. ఏడాదిలో అత్యంత వేడిగా ఉండే నెలలో సముద్రం మామూలుగా ఎంత వేడి ఉంటుందో, దానికంటే ఒక్క డిగ్రీ ఎక్కువై కొన్ని వారాలు అలాగే ఉంటే, పగడం లోపలి శైవలాలు ఆహారానికి బదులు హాని చేసే పదార్థాలు విడుదల చేస్తాయి. పాలిప్ వాటిని బయటికి నెట్టేస్తుంది. రంగు పోయి పారదర్శకమైన చర్మం కింద తెల్లని సున్నపు ఎముక కనబడుతుంది. దీనినే బ్లీచింగ్, అంటే తెల్లబారడం అంటారు. తెల్లబారిన పగడం అప్పటికింకా చావలేదు, ఆకలితో ఉంది. వేడి తొందరగా తగ్గితే శైవలాలు తిరిగి చేరతాయి. తగ్గకపోతే కొన్ని వారాల్లో చనిపోతుంది.

లక్షదీవుల్లో 1998, 2010, 2016 సంవత్సరాల్లో పెద్ద ఎత్తున తెల్లబారాయి. 2024లో మళ్ళీ. అగత్తి, కడమత్, కవరత్తి దిబ్బలను రోహన్ ఆర్థర్, ఆయన సహచరులు 1998 నుంచి నీటిలో దిగి లెక్కిస్తూ వచ్చారు. 1998లో దిబ్బ మీద సుమారు 37 శాతం ఉన్న ప్రాణమున్న పగడం 2022 నాటికి సుమారు 19 శాతానికి వచ్చింది. 24 ఏళ్ళలో దాదాపు సగం పోయింది. ఒక్కొక్క దెబ్బకు చనిపోయే శాతం తగ్గుతోంది, కొన్ని జాతులు తట్టుకుంటున్నాయి అన్నది నిజమే. కానీ కోలుకోవడానికి సమయం కావాలి. వరుసగా ఆరేళ్ళు వేడి దెబ్బ తగలకపోతే దిబ్బ చెప్పుకోదగినంతగా కోలుకుంటుందని వాళ్ళ లెక్కల్లో తేలింది. ఆ ఆరేళ్ళు దొరకడం లేదు.

పగడం చనిపోతే పోయేది అందం ఒక్కటే అయితే మేము ఇంత రాయము. దీవి ఎత్తు సముద్రం మీద కొద్ది మీటర్లే. అరేబియా సముద్రపు అలలను ముందుగా ఎదుర్కొనేది బయటి దిబ్బ. దిబ్బ బతికున్నంతకాలం విరిగిన చోట మళ్ళీ కట్టుకుంటుంది. చచ్చిపోతే అరిగిపోతుంది, అలలు నేరుగా ఒడ్డును కోస్తాయి, ఉప్పునీరు బావుల్లోకి వస్తుంది. బంగారం ఆటాల్‌లో పరలి-1 అనే మనుషులు లేని చిన్న దీవి 1968లో 0.032 చదరపు కిలోమీటర్లు ఉండేది. 2017లో వెలువడిన పరిశోధన ప్రకారం అది పూర్తిగా కోసుకుపోయింది.

ఇందులో ఆ దీవులవాళ్ళ తప్పు ఎంత? వాళ్ళు తరతరాలుగా పట్టేది ఎక్కువగా ట్యూనా. మన కోస్తా జాలర్లు దీనినే సూర అంటారు. లాగూన్‌లో చిన్న చేపలను బతికుండగానే పట్టి, పడవలో నీళ్ళ తొట్టిలో ఉంచుకొని, బయటి సముద్రంలో ట్యూనా గుంపు కనబడగానే వాటిని చల్లుతారు. ట్యూనాలు ఎగబడితే గాలపు కర్రలతో ఒక్కొక్కటిగా పడవలోకి విసురుతారు. మినికాయ్‌వాళ్ళ విద్య ఇది. తర్వాత ప్రభుత్వం 1960ల నుంచి మిగతా దీవులకు కూడా నేర్పింది. వలతో ఊడ్చేయడం లేదు కాబట్టి ట్యూనాకు నష్టం తక్కువ, దిబ్బ మీది చేపల జోలికి పోనవసరమూ తక్కువ. చిలుక చేపలు మిగిలి ఉండడం వల్లనే 1998 తర్వాత దిబ్బలు నాచు కింద పడిపోకుండా తేరుకున్నాయని పరిశోధకులు చెబుతారు. ఇటీవలి సంవత్సరాల్లో అమ్మకానికి దిబ్బ చేపలను పట్టడం కూడా పెరుగుతోంది. కర్బన పొగ వదిలినవాళ్ళు ఎక్కడో ఉన్నారు, బావి ఉప్పబడేది వీళ్ళది. మన వైపు వానలు తప్పి పత్తి పోయినప్పుడు కూడా ఇదే లెక్క అని మాకు అనిపిస్తుంది.

హైదరాబాదులో కూర్చుని చూసేవాళ్ళు

పగడం తెల్లబారబోతోందని ముందే హెచ్చరించే కేంద్రం సముద్రం ఒడ్డున లేదు, మన హైదరాబాదులో ఉంది. ప్రగతినగర్‌లోని ఇంకాయిస్, అంటే భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవా కేంద్రం. సునామీ హెచ్చరికలు, జాలర్లకు చేపలు ఎక్కడ దొరుకుతాయో చెప్పే సూచనలు కూడా అక్కడి నుంచే వెళ్తాయి. ఉపగ్రహాలు కొలిచిన సముద్రపు ఉష్ణోగ్రతను బట్టి దిబ్బలున్న ప్రాంతాలకు ఆ సంస్థ హెచ్చరికలు ఇస్తుంది. లెక్క సులువే. హద్దు కంటే ఒక డిగ్రీ ఎక్కువ వేడి ఒక వారం ఉంటే ఒక డిగ్రీ-వారం. రెండు డిగ్రీలు రెండు వారాలు ఉంటే నాలుగు. మొత్తం నాలుగు దాటితే తెల్లబారడం, ఎనిమిది దాటితే మూకుమ్మడిగా చావడం మొదలవుతాయని అంచనా. గణితంలో వెనకబడ్డామని సైన్సు వదిలేసే తమ్ముళ్ళు ఈ లెక్కను ఒకసారి చూడాలి. కూడికలు, గుణకారాలు తప్ప ఇందులో ఏమీ లేవు.

ఉపగ్రహం వేడిని చెప్పగలదు, ఏ పగడం బతికిందో చెప్పాలంటే మనిషి దిగాలి. డైవింగ్ మొదటి కోర్సులో చేరడానికి ఆగకుండా 200 మీటర్లు ఈదడం, ఏ ఆధారం లేకుండా 10 నిమిషాలు నీటి మీద తేలడం వస్తే చాలు. వేగంతో పని లేదు. ఎండిన సొరకాయ బుర్ర నడుముకు కట్టుకొని మోటబావిలో ఈత నేర్చుకున్నవాళ్ళు మన హాస్టల్లో ఎంతమంది లేరు? ఉబ్బసం, గుండె జబ్బు ఉన్నవాళ్ళు ముందుగా డాక్టరును అడగాలి. పుస్తకం ఇంగ్లీషులో ఉంటుంది, కానీ అందులో ఉన్న బాయిల్ నియమం మన తెలుగు మీడియం పుస్తకంలోదే. సముద్ర జీవశాస్త్రంలో ఎం.ఎస్సీ. చదవాలంటే ఇంటర్‌లో బైపీసీ, డిగ్రీలో జంతుశాస్త్రం తీసుకుంటే సరిపోతుంది. విశాఖలోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో, నెల్లూరులోని విక్రమ సింహపురి విశ్వవిద్యాలయంలో ఈ వైపు చదువులు ఉన్నాయి.

దిబ్బను లెక్కించే పని చూడడానికి చాలా మామూలుగా ఉంటుంది. నీటి అడుగున దిబ్బ మీద కొలత టేపు పరుస్తారు. టేపు వెంట మీటరు చదరం చట్రాన్ని పెట్టుకుంటూ పోతారు. ఆ చట్రంలో బతికిన పగడం ఎంత, చచ్చినది ఎంత, నాచు ఎంత అని చూసి పలక మీద రాసుకుంటారు. ప్లాస్టిక్ పలక, మామూలు పెన్సిల్. పెన్ను నీటిలో రాయదు, పెన్సిల్ రాస్తుంది. మళ్ళీ వచ్చే ఏడాది అదే చోట, అదే టేపు. 2024లో తెల్లబారిన దిబ్బకు ఆరేళ్ళు 2030కి నిండుతాయి. ఈ సంచిక చదువుతున్న తొమ్మిదో తరగతి తమ్ముళ్ళు అప్పటికి డిగ్రీలో ఉంటారు.